కుర్చీ వెనక మనిషి

నవంబరు 4

ఈరోజు కొవ్వూరు వెళ్ళొచ్చాను. వెళ్ళిన పనేంటో వింటే అమ్మ పకపకా నవ్వేది. సూర్యకళా టాకీసులో నిప్పంటుకుంటే జనం బయటపడడానికి ఎంత వెడల్పు తలుపులు కావాలో లెక్కగట్టాలి. ఆ లెక్కకి నాకు జీతం ఇస్తారు.

టాకీసని ఇంకా నేనే అంటున్నాను. ఇప్పుడది సూర్యకళా ఫంక్షన్ హాలు. పక్క స్థలంలో కొత్త కళ్యాణ మండపం లేచింది, పాత సినిమా హాలుని భోజనాల హాలు చేస్తున్నారు. పల్లంగా ఉండే నేలంతా మట్టి పోసి సమం చేసేశారు. తెర ఉన్న గోడకి వాష్ బేసిన్లు పెడతారట. హీరోలు విలన్లని ఉతికిన చోట జనం చేతులు కడుక్కుంటారు, బాగానే ఉంది.

ఫైలు చేతికిస్తూ మా బాసు గణేష్‌బాబుగారు, "మీ ఊరే కదండీ, మీరైతే చూడకుండా గీసేస్తారు" అన్నారు. నిజమే, గీసేస్తాను. నేల, బెంచీ, కుర్చీ. మధ్యలో నడుమెత్తు గోడ. అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు. ఆడవాళ్ళ వైపు చివర లేడీస్ గేటు, పచ్చరంగు తలుపు. దాని పక్కన స్టూలు. స్టూలు మీద అమ్మ.

తప్పు రాశాను. స్టూలు మీద నేను. అమ్మ నిలబడి టిక్కెట్లు చింపేది.

ఆ తలుపు ఇంకా ఉంది! రంగు పెచ్చులూడింది గానీ ఉంది. ఓనరు దొరబాబుగారు నన్ను చూడగానే గుర్తుపట్టారు. "ఏమ్మా, మా మాణిక్యం కూతురివి కదూ? సుప్రియ! ఆ ముక్కు ఎక్కడికి పోద్దిలే" అన్నారు. వాళ్ళ నాన్నగారి టైములో అమ్మ ఇక్కడ గేటు దగ్గర పనిచేసింది. హాలు మూతపడేదాకా చేసింది. అమ్మ సంవత్సరీకం కిందటి నెల అయిందని చెప్తే, ఆయన కళ్ళజోడు తీసి కాసేపు ఊరికే తుడుచుకున్నారు.

తర్వాత నవ్వుతూ చెప్పారు, ఆ తలుపు మూసేస్తున్నారట. అది నైరుతి మూల. నైరుతిలో ద్వారం పనికిరాదు, బరువుండాలి అన్నారట సిద్ధాంతిగారు. ఇటుకతో కట్టేసి, దాని ముందు వంటగిన్నెల స్టోరు పెడతారు. మాఘంలో వాళ్ళమ్మాయి హర్షిత పెళ్ళే ఈ హాల్లో మొదటి పెళ్ళి. పిల్ల పెళ్ళి కాబట్టి వాస్తు విషయంలో ఇసుమంత కూడా తగ్గరట.

నేను టేపు తీసి తలుపు కొలిచాను. ఆరడుగులు. మీటర్లలో ఒకటీ పాయింట్ ఎనిమిది.

నవంబరు 5

ఆ తలుపు ఉండాలి. ఇది సెంటిమెంటు కాదు, సేఫ్టీ.

నవంబరు 8

లెక్క మొదలుపెట్టాను. చదునైన నేల మీద నడిచి బయటకి పోయే దారికి మనిషికి ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పు చాలు. కాలేజీలో మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, పెన్సిలు మందం కూడా ఉండదు. అలాంటి పెన్సిళ్ళు వరసగా పేర్చుకుంటూ పోతే తలుపు వస్తుంది.

భోజనాల హాల్లో టేబుళ్ళ లేఅవుట్ ప్రకారం నాలుగు వందల కుర్చీలు. ఆరున్నరతో హెచ్చిస్తే రెండు పాయింట్ ఆరు మీటర్లు. ముందు తలుపు రెండు మీటర్లు, మండపం వైపు తలుపు ఒకటిన్నర. మొత్తం మూడున్నర. కావలసినదాని కన్నా ఎక్కువే ఉంది.

మళ్ళీ చేశాను. అంతే వచ్చింది. నడక దూరం తేడా వస్తుందేమోనని మూలల నుంచి కొలిచాను. లేదు, సరిపోతోంది. వంటగది వైపు ఇంకో తలుపు ఉంది గానీ నిప్పు పుట్టేది అక్కడే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, నేనూ తీసుకోలేదు. అది లేకుండానే సరిపోయింది, వెధవ లెక్క.

నవంబరు 10

ఆదివారం. పనేమీ లేదు, అందుకని రాసుకుంటున్నాను.

లేడీస్ గేటు రెండు రెక్కల తలుపు. సినిమా వేసే ముందు మైకులో దేవుడి పాట వచ్చేది. ఆ పాట గోదావరి గట్టు దాకా వినపడేది. పాట మొదలయ్యిందంటే ఇంకా టైముందని అర్థం, ఆగిందంటే పరిగెత్తాలి. పాట ఆగాక మా గేటు దగ్గర తోపులాట చూడాలి! చంటిపిల్లలు, మరమరాల పొట్లాలు, ఊడిపోయిన చెప్పులు. "మాణిక్యం, నాకో చోటు చూడవే" అని ఒకావిడ, "మా అత్తగారు లోపలుంది, చెప్పకే" అని ఇంకొకావిడ. అమ్మ ఒక చేత్తో టిక్కెట్లు చింపుతూ ఇంకో చేత్తో పిల్లల్ని లోపలికి తోస్తూ ఉండేది. ఎవరి మీదైనా అరిచిందంటే కుర్చీ క్లాసు మగవాళ్ళు కూడా తిరిగి చూసేవాళ్ళు. నా నోరు అమ్మ నుంచే వచ్చిందని మా ఆయన మణిదీప్ అంటాడు. వచ్చిందైతే మంచిదే కదా.

సినిమా నడుస్తున్నంతసేపూ ఆ తలుపుకి గడియ ఉండేది కాదు. చంటిపిల్ల ఏడిస్తే తల్లి గబగబా బయటికి రావాలి. వసారాలో ఊపి ఊపి నిద్రపుచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళేది. "ఏమైందే, వాడు దొరికాడా?" అని అమ్మని అడిగి కథ తెలుసుకుని మరీ వెళ్ళేది. ఎందుకంటే బయటున్నవాళ్ళందరి కథ అమ్మే చూడాలి.

అమ్మ ఏ సినిమా కూర్చుని చూడలేదు. జనం సర్దుకున్నాక లోపలికొచ్చి, ఆఖరి వరస కుర్చీ వెనక నిలబడి, కుర్చీ మీద చెయ్యేసి చూసేది. నేను ఆవిడ కొంగు పట్టుకుని సందులోంచి చూసేదాన్ని. నేను సగం సినిమాలు ఎవరిదో జడలో మల్లెపూల పక్క నుంచి చూశాను. ఇప్పటికీ మల్లెపూల వాసనొస్తే నాకు ఫైటింగ్ సీనే గుర్తొస్తుంది, ఏం చేయను.

గేటు పక్క గోడ మీద లైసెన్సు బోర్డు ఉండేది. ఏ క్లాసుకి ఎన్ని సీట్లో రాసి ఉండేది. నాకు అంకెలు వచ్చిన కొత్తలో కూడబలుక్కుని చదివి, "ఇందులో మనం ఉన్నామా అమ్మా?" అని అడిగాను.

"మనం నిలబడేవాళ్ళం కదే. కుర్చీలున్నోళ్ళనే రాస్తారు" అంది అమ్మ.

ఆ మాటకి బాధపడలేదు అమ్మ. నవ్వుతూనే అంది. నేను ఇవాళ బాధపడుతున్నాను.

నవంబరు 18

రిపోర్టు మీద సంతకం పెట్టి పంపించాను. రెండు తలుపులు చాలు. లేడీస్ గేటు మూసుకోవచ్చు.

ఉద్యోగమంటే ఇదే. ఏడవలేదు.

నవంబరు 19

నిన్న ఏడవలేదని రాశాను. ఇంట్లో ఏడవలేదు. ఆఫీసు నుంచి వస్తూ బ్రిడ్జి మీద ఆటోలో ఏడ్చాను. ఆటో అతను అద్దంలో చూసి రేడియో సౌండు తగ్గించాడు, పాపం.

డిసెంబరు 7

నిన్న నిడదవోలులో మణిదీప్ పెద్దమ్మ మనవరాలి పెళ్ళి. పగలు ముహూర్తం. అక్షింతలు వేసి అలా తిరిగామో లేదో, మణిదీప్ చెవిలో, "నువ్వు గబగబా వెళ్ళి కుర్చీ పట్టు, నేను గిఫ్టు ఇచ్చేసి వస్తా" అన్నాడు.

కుర్చీ పట్టడమంటే నాకు చిన్నప్పటినుంచీ మంట. ఒక బంతి తింటూ ఉండగానే రెండో బంతివాళ్ళు వచ్చి వెనక నిలబడతారు. తినేవాళ్ళ మెడ మీద వీళ్ళ ఊపిరి! అయినా వెళ్ళాను. ఎందుకు వెళ్ళనూ, ఆకలేస్తోంది. పనసపొట్టు కూర వాసన మండపం దాకా వచ్చేసింది. ఒక పెద్దాయన వెనక చోటు దొరికింది. ఒక చేత్తో ఆయన కుర్చీ, ఇంకో చేత్తో పక్క కుర్చీ పట్టుకున్నాను. ఆయన దప్పళంలో ఉన్నారు. పెరుగులోకి ఎప్పుడొస్తారా అని చూస్తున్నాను. ఆయనేమో మళ్ళీ పప్పు వేయించుకున్నారు! లోపల తిట్టుకుంటూ కుర్చీ ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు నా చెయ్యి నాకు కనపడింది.

కుర్చీ వీపు మీద వేళ్ళు ఇటు, బొటనవేలు అటు. అచ్చంగా అమ్మ చెయ్యి. ఆఖరి వరస వెనక అమ్మ అలాగే పట్టుకునేది. ఒక్క క్షణం నాకు ఆ భోజనాల హాలులో ఏం వినపడలేదు. తల ఎత్తి చూశాను. ప్రతి కుర్చీ వెనకా ఒక మనిషి. కొన్నిటి వెనక ఇద్దరు. పక్క టేబులు దగ్గర ఒకావిడ చంటిదాన్ని చంకనేసుకుని మరీ కుర్చీ పట్టింది. గోడ వారనంతా జనమే. హాలులో కుర్చీలు ఎన్నో, మనుషులు దానికి రెట్టింపు.

నాలుగు వందల కుర్చీలు, నాలుగు వందలమంది అని రాశాను నేను! ఈ నేల మీద పుట్టి, ఇన్ని పెళ్ళిళ్ళలో తిని, తినడానికి కుర్చీ పట్టి! టేబుళ్ళ బొమ్మ చూసి లెక్క కట్టాను, కుర్చీ వెనక మనిషిని వదిలేశాను.

మణిదీప్ వచ్చేసరికి పెద్దాయన లేచి వెళ్ళిపోయారు, కుర్చీ ఎవరో పట్టేసుకున్నారు. "ఒక్క కుర్చీ పట్టలేకపోయావా?" అని ఇంటికొచ్చేదాకా సాధించాడు.

డిసెంబరు 8

ఎనిమిది వందలమంది. ఆరున్నరతో హెచ్చిస్తే ఐదు పాయింట్ రెండు మీటర్లు. ఉన్నవి మూడున్నర. పైగా ఐదు వందలు దాటితే దారులు మూడుండాలి. ఉన్నవి రెండే.

లేడీస్ గేటు ఒకటీ పాయింట్ ఎనిమిది కలిపితే ఐదు పాయింట్ మూడు.

సరిగ్గా సరిపోయింది. అదే నాకు భయంగా ఉంది. నేను కోరుకున్నది లెక్కలో వస్తే ఆ లెక్కని ఎలా నమ్మడం? దేనికో చెప్పకుండా అంకెలు మణిదీప్‌కిచ్చి చెయ్యమన్నాను. ఫోనులో చేసి, "ఐదు పాయింట్ రెండు. ఇంతకీ ఇదేంటి, కర్టెన్ గుడ్డా?" అన్నాడు.

డిసెంబరు 10

గణేష్‌బాబుగారు కుర్చీలోంచి లేచి మరీ అరిచారు. "సంతకం పెట్టి ఇచ్చిన రిపోర్టు మారుస్తారా? క్లయింటు నన్నేమనుకుంటాడండీ? రెండో బంతి అని బిల్డింగు కోడులో ఎక్కడైనా రాసుందా?"

"కుర్చీలు ఎన్నని కాదండీ కోడు అడిగేది, మనుషులెంతమందని. తప్పు కోడుది కాదు, నాది."

"పెళ్ళి పత్రికలు కూడా అచ్చయిపోయాయి ఆయనకి."

"అందుకే కదండీ తొందరపడుతున్నాను."

చివరికి చల్లబడ్డారు. దొరబాబుగారిని నేనే ఒప్పించుకోవాలట. ఆయన ఒప్పుకోకపోతే కొత్త రిపోర్టు మీద ఆఫీసు ముద్ర పడదు, పాతదే ఉంటుంది. పాత దాని మీద ఉన్నది నా సంతకమే.

డిసెంబరు 11

వెళ్ళేసరికి గేటులో ఇటుకలు ఛాతీ ఎత్తు దాకా లేచాయి. పచ్చ తలుపు రెక్కలు ఊడదీసి గోడకి ఆనించారు.

దొరబాబుగారు టీ తెప్పించారు. విషయం చెప్పగానే టీ పక్కన పెట్టేశారు.

"ఏంటమ్మా ఇది? వద్దని నువ్వే రాసిచ్చావు, ఇప్పుడు నువ్వే తెరవమంటావు? పిల్ల పెళ్ళి పెట్టుకుని నైరుతిలో ద్వారం తెరవమంటావా? రేపు దానికేదైనా అయితే నేనెవరికి చెప్పుకోను?"

"హర్షిత పెళ్ళి భోజనాలు బఫేనా అండీ?"

"బఫేనా? ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడితే మా పెద్దవాళ్ళు ఊరుకుంటారా? ముష్టెత్తుకోడానికి పిలిచావేంట్రా అంటారు. బంతి భోజనమే. విస్తరేసి, కొసరి కొసరి వడ్డించాల్సిందే."

"మరి మొదటి బంతికి పెళ్ళివారు కూర్చుంటే, మీవాళ్ళెక్కడుంటారండీ?"

"ఎక్కడుంటారు, ఇక్కడే..." అని ఆగిపోయారు. హాలు నలుమూలలా చూశారు. "మా మేనత్తలైతే ముహూర్తానికి ముందే వచ్చి పట్టేస్తారు కుర్చీలు. మా పెద్దత్త అయితే నాలుగు కుర్చీలకి నాలుగు జేబురుమాళ్ళు కడుతుంది." ఆయన నవ్వబోయి ఆపుకున్నారు. "సరే, బయట వెయిటింగ్ హాలు వేయిస్తాను. ఏసీ పెట్టిస్తాను. అక్కడ కూర్చోమంటాను."

"కూర్చుంటారా అండీ?"

పక్కన పెట్టిన టీ మళ్ళీ తీసుకుని ఒక గుక్క తాగారు. తర్వాత, "కూర్చోరు" అన్నారు.

నేను లెక్క కాగితం ఆయన ముందు పెట్టాను. చదవలేదు. నా మొహంలోకే చూశారు. "ఒక మాటడుగుతాను, ఏమనుకోకు. కొంపదీసి ఇది మాణిక్యం తలుపని కాదు కదా?"

ఉన్నదున్నట్టు చెప్పాను. "మొదట అదేనండి. ఈ తలుపు ఉండాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. కానీ లెక్క వద్దంది. మా అమ్మ తలుపు మూసెయ్యమని నా చేత్తో నేనే సంతకం పెట్టాను. ఇప్పుడు అడిగేది నేను కాదండీ, ఆ నిలబడ్డవాళ్ళు."

"సిద్ధాంతిగారితో మాట్లాడనీ" అన్నారు. మేస్త్రీని పిలిచి, "ఇవాల్టికి ఆపరా" అన్నారు. ఒప్పుకున్నట్టు కాదు, కాదన్నట్టూ కాదు.

డిసెంబరు 13

ఫోను రాలేదు.

డిసెంబరు 14

రాలేదు. ఫోను చార్జింగులో పెట్టి దాని పక్కనే కూర్చున్నాను. నాకేం ఆత్రం లేదు.

డిసెంబరు 16

దొరబాబుగారు ఫోను చేశారు. "అమ్మాయ్, సిద్ధాంతిగారు ఒక మాటడిగారు. ఆ తలుపులోంచి రోజూ రాకపోకలు ఉంటాయా?"

"ఉండవండి. ఎప్పుడూ మూసే ఉంటుంది. ఆపదొస్తేనే తెరుచుకుంటుంది. లోపల్నుంచి తోస్తే బయటికి పోవడమే, బయట్నుంచి లోపలికి రావడానికి వీల్లేదు."

"ఆయ్! అలాగైతే పర్లేదన్నారమ్మా, నడక లేనిది ద్వారం కాదట! గోడలో భాగమేనట! ఆపదని బయటికి పంపేదానికి దోషమేంటి అన్నారు. గిన్నెల స్టోరు పక్కకి జరిపి కట్టిస్తాను, బరువు అక్కడే ఉన్నట్టుంటుంది."

"తాళం మాత్రం వేయకూడదండీ."

"తాళం లేకపోతే గిన్నెలు ఎత్తుకుపోరూ?"

"గిన్నెలకి వేయండి తాళం. తలుపుకి వద్దు."

పెద్దగా నవ్వారు. "మీ అమ్మా ఇంతే, గడియ పెట్టనిచ్చేది కాదు. మా నాన్నగారితో రోజూ గొడవే" అన్నారు.

ఫోను పెట్టేసి మణిదీప్‌ని పట్టుకుని ఏడ్చాను. ఈసారి ఇంట్లోనే.

జనవరి 22

గోడ పగలగొట్టి కొత్త తలుపు బిగించారు. ఉక్కుది. తోస్తే తెరుచుకునే ఎర్రటి కడ్డీ, పైన పచ్చలైటు. పాత పచ్చ తలుపు పనికిరాదు, మంటకి నిలవదు, అది కూడా నేనే రాసిచ్చాను. రెక్కలు ఏం చేశారని అడిగితే వంటవాళ్ళు పొయ్యిలోకి చీల్చేశారన్నారు. అమ్మ చెయ్యి పట్టి పట్టి నునుపెక్కిన అంచు ఒకటుండేది, అదన్నా అడగాల్సింది. వెళ్ళడం ఆలస్యమైపోయింది.

వెడల్పు మాత్రం అదే. ఆరడుగులు.

పెయింటరు బోర్డు మీద ఏం రాయాలని అడిగాడు. దొరబాబుగారు "కెపాసిటీ ఎనిమిది వందలు అని రాసెయ్" అన్నారు. నేను ఒప్పుకోలేదు. పూర్తిగా రాయించాను: కూర్చున్నవారు, నిలబడినవారు కలిపి 800 మంది.

"అంత పొడుగెందుకమ్మా?" అన్నారు.

"ఉండనివ్వండి" అన్నాను.

ఫిబ్రవరి 13

హర్షిత పెళ్ళి. పగటి ముహూర్తం. ఎంత బాగుందో పిల్ల! తలంబ్రాలప్పుడు పెళ్ళికొడుకుని ఊపిరి తిప్పుకోనివ్వలేదు.

మొదటి బంతికి పెళ్ళివారితో పాటు నన్నూ కూర్చోబెట్టారు దొరబాబుగారు. వద్దంటే వినలేదు. "మాణిక్యం ఈ హాల్లో ఏనాడూ కూర్చోలేదు. నువ్వు కూర్చో" అన్నారు. కొత్త తలుపుకి దగ్గరగా, పూర్వం ఆఖరి వరస కుర్చీలు ఉండే చోట పడింది నా విస్తరి. వాళ్ళ పెద్దత్తగారు నిజంగానే జేబురుమాళ్ళతో వచ్చేశారు. అన్నంలో పప్పు కలుపుకుంటూ ఉండగానే హాలు నిండిపోయింది. నాకు మంట రాలేదు. తలుపుల వైపు చూసుకుంటూ తిన్నాను. ముందు తలుపు, మండపం తలుపు, అమ్మ తలుపు. వీళ్ళందరికీ దారుంది.

దప్పళం వడ్డిస్తున్నప్పుడు నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. గాజులు చప్పుడయ్యాయి. మల్లెపూల వాసనొచ్చింది. కుర్చీ వీపు మీద చెయ్యి పడింది, నా భుజానికి వేళ్ళు తగిలీ తగలనట్టుగా.

వెనక్కి తిరగలేదు. తిరిగితే ఎవరో తెలిసిపోతుంది.

పెరుగు రెండుసార్లు వేయించుకున్నాను. చాలా నెమ్మదిగా తిన్నాను.